అక్క ఎముక

ఎదురుకాళ్ళతో పుట్టినవాళ్ళు తొక్కితే నడుము పట్టు వదులుతుందని మా వైపు అందరికీ తెలుసు. అలా పుట్టినవాళ్ళ గతి ఏమిటో మాత్రం ఎవరికీ అక్కర్లేదు. నేను అలాగే పుట్టాను. అందుకని పెనుకొండలో మా ఇంటి వసారా మాది కాదు, ఊరిది. పొయ్యిమీద సంగటి ఉడుకుతున్నా సరే, ఎవడో ఒకడు నడుము పట్టుకుని వంగి వంగి వస్తాడు. "నీలావతమ్మా, ఒక్క తొక్కు" అంటాడు. వసారాలో బోర్లా పడుకుంటాడు. నేను గరిటె పక్కన పడేసి, తిట్టుకుంటూ వెళ్ళి ఎడమ మడమతో తొక్కాలి. తిట్టకుండా నేను ఒక్కరినీ తొక్కలేదు. తిడితే గుణం ఇంకా ఎక్కువని వాళ్ళే ఊళ్ళో చెప్పుకున్నారు, ఇక నా కోపానికి విలువేముంది!

ధర్మవరం నుంచి వచ్చే మగ్గం వాళ్ళే ఎక్కువ. పొద్దస్తమానం గుంతలో కాళ్ళు పెట్టుకుని వంగి కూర్చుంటే ఎవరి నడుమైనా ఏమవుతుంది? వాళ్ళలో ఈరన్న అని ఒకడుండేవాడు. చెయ్యి ఊరుకున్నా వాడి నోరు ఊరుకోదు. మొదటిసారి వచ్చినరోజు నేను వాడి నడుముమీద మడమ పెట్టగానే తల పక్కకు తిప్పి అడిగాడు.

"ఏమక్కా, చంటిదాన్ని గూడా ఎక్కించినావా?"

"ఏ చంటిది రా?" అన్నాను. నాకు పిల్లల్లేరు, ఆ మాట ఎవరన్నా నాకు ఒళ్ళు మండుతుంది.

"కోప్పడొద్దుక్కా. నీ కాళ్ళు నడుముమీద ఉండాయా? ఇంకో రెండు కాళ్ళు వీపుమీద నడస్తాండాయి. పసిబిడ్డ కాళ్ళు. మెత్తగుండాయి."

వసారా చివర మా అవ్వ సుంకమ్మ చేటలో చెనిక్కాయలు చెరుగుతూ ఉంది. చేట ఆగిపోయింది. ఈరన్న మాత్రం లేచి నడుము అటూ ఇటూ తిప్పుకుని, హాయిగా ఉందని చెప్పి, రైలుకు వేళయిందని వెళ్ళిపోయాడు.

ఆ మాట ఈరన్న ఒక్కడే అని ఉంటే వాడి వేళాకోళం అనుకుందును. తరువాత అందరూ అన్నారు. పెద్దకాళ్ళు రెండు, చిన్నకాళ్ళు రెండు. కొందరు నవ్వుతూ అన్నారు. ముదిగుబ్బ నుంచి వచ్చిన గొర్రెల కాపరి ఒకడు సగంలోనే లేచి, కంబళి కూడా మరిచిపోయి పరుగెత్తాడు. చిత్రం ఏమిటంటే అందరి నొప్పీ తగ్గింది, వాడిది కూడా.

ఆ చిన్నకాళ్ళు ఎవరివో మా ఇంట్లో అడగవలసిన పనిలేదు. మా అమ్మ కడుపులో మేము ఇద్దరం. అక్క ముందు వచ్చింది, తలతో, అందరు పిల్లల్లాగే. ఏడవలేదు. తరువాత నేను కాళ్ళతో వచ్చాను, చెవులు చిల్లులు పడేలా ఏడుస్తూ. పురుట్లో మా ఇద్దరినీ పట్టింది అవ్వే. అక్కను పెరట్లో చూరు కింద పూడ్చిందీ అవ్వే. "అక్కను తన్నుకుంటా వచ్చింది" అని చుట్టాలు నన్ను చిన్నప్పటినుంచీ ఆటపట్టించేవాళ్ళు. వాళ్ళకు అది సరదా. నేను ఎదురు తిట్టి, పెరట్లోకి పోయి ఏడ్చేదాన్ని.

అమ్మ నా పసితనంలోనే పోతే అవ్వ నన్ను సాకింది. పెళ్ళయ్యాక మా ఆయన హనుమంతు కూడా మా ఇంట్లోనే ఉన్నాడు. అవ్వకు ఒక అలవాటు. నాకు సంగటి ముద్ద పెట్టిన ప్రతిసారీ ఇంకో చిన్న ముద్ద చేసి పెరటి గోడమీద పెట్టేది. ఎవరన్నా అడిగితే కాకికి అనేది. కాకులు దాన్ని ముట్టగా నేను ఎప్పుడూ చూడలేదు. మరుసటి పూటకు మాత్రం ముద్ద ఉండేది కాదు.

నాకు భయం కాదు, అసూయ. ఇది ఎవరికి చెప్పినా నవ్వుతారు. ఊళ్ళో ప్రతివాడి వీపుకూ తెలిసిన అక్క నాకు తెలియదు. నా వెనకాలే నడుస్తుంది, నేను తిరిగి చూస్తే ఎవరూ ఉండరు. నన్ను తొక్కడానికి ఎదురుకాళ్ళవాళ్ళు మా చుట్టుపక్కల ఇంకెవరూ లేరు కాబట్టి నేను ఎవరిముందూ బోర్లా పడుకున్నదీ లేదు.

మూడో ఎలక్షన్లు జరిగిన ఏడు నా నడుమే చెడింది. మొదట కాళ్ళు తిమ్మిరెక్కేవి. ఒకరోజు మా ఆయనతో హిందూపురం సంతకు వెళ్ళి, బెల్లం, చింతపండు కొనుక్కుని స్టేషనుకు వస్తుంటే ఆయన ఆగి నా కాళ్ళకేసి చూశాడు.

"ఒక చెప్పు యాడ పోయిందే?"

చూస్తే నిజంగానే లేదు. ఎప్పుడు జారిందో నాకు తెలియదు. కాలికింద రాయి తగిలి నెత్తురు కారుతోంది, అదీ తెలియదు. ఇంకొకరికైతే నేను తొక్కుతాను, నాకెవరు తొక్కాలి?

హిందూపురంలోనే ఈశ్వరప్ప అనే డాక్టరు చిన్న ఆస్పత్రి నడిపేవాడు. ఎముకల పని బాగా నేర్చుకుని వచ్చినవాడని పేరు. మా ఆయన నన్ను అక్కడికి తీసుకుపోయాడు, అవ్వ వెంట వచ్చింది. డాక్టరు ఎక్సరే తీసి, ఆ నల్లటి ఫిల్మును కిటికీ వెలుగుకు పట్టి చాలాసేపు చూశాడు. చూసి చూసి, నవ్వాడు.

"నీలావతమ్మా, నువ్వు అందరికన్నా ఒకటి ఎక్కువే తెచ్చుకున్నావు."

"ఏమి సార్, నోరా?" అన్నాను.

"అది ఎట్లాగూ ఉండాది. ఎముక. ఇటు చూడు. పక్కటెముకలు అయిపోయినాక కిందికి, నడుములో అందరికీ ఐదుంటాయి. నీకు ఆరు."

ఇది రోగం కాదని, కొందరికి పుట్టుకతోనే ఒకటి ఎక్కువో తక్కువో ఉంటుందని ఆయన ఓపికగా చెప్పాడు. చిక్కు అది కాదట. అన్నిటికన్నా కిందున్న ఆ ఎక్కువ ఎముక వెనకవైపు కూడుకోవలసినచోట కూడుకోలేదు. పట్టు లేక ముందుకు జారుతోంది, జారి కాళ్ళకు పోయే నరాలను నొక్కుతోంది. ఇలాగే వదిలేస్తే రెండు కాళ్ళూ పడిపోతాయి.

"దానికి మందు?" అని మా ఆయన అడిగాడు.

"మందు లేదప్పా. అతికించల్ల. తుంటిలోనుంచి ఎముక పలుకులు తీసి, ఆ జారే ఎముకకూ దాని కింద ఎముకకూ నడుమ పేరుస్తా. చెట్టుకు అంటు కట్టినట్టే. కొన్నాళ్ళకు రెండూ ఒకటైపోతాయి, ఇంక జారేది ఉండదు. అయితే కోసే చోటు ఒక ఎముక అటూ ఇటూ అయిందంటే జారేది జారతానే ఉంటాది. రెండోసారి కోసేలోపల కాళ్ళు మిగులుతాయని నేను మాటివ్వలేను."

అందుకే ముందు గుర్తు పెడతానన్నాడు. ఆరు ఎముకలున్న మనిషికి పైనుంచి ఎంచితే ఒక లెక్క, కిందనుంచి ఎంచితే ఇంకో లెక్క. బోర్లా పడుకున్నాక వీపు తడిమితే ఏది ఏదో తనకైనా తెలియదన్నాడు. చర్మానికి సీసపు బిళ్ళ అంటించి ఎక్సరే తీసి, చోటు సరిగ్గా చూసుకుని ఊదారంగు మందుతో గీత గీస్తాడట. ఎక్సరే మిషను ఆపరేషను గదిలోకి కదిలేది కాదు, ఆ గీతే ఆయనకు దారి.

గోడవార కింద కూర్చున్న అవ్వ అప్పుడు అంది.

"ఆ ఎక్కువది ఈ పిల్లది కాదు సామీ."

"మరి ఎవరిదవ్వా?"

"దాని అక్కది. కడుపులో ఇద్దరూ కరుచుకుని ఉండ్రి. అది పోతాపోతా దీనికిచ్చి పోయింది."

డాక్టరు నవ్వలేదు. ఫిల్మును కవరులో పెట్టి, మంచం ఖాళీ ఉంది, ఈ వారమే చేద్దామన్నాడు.

ఆస్పత్రిలో నన్ను చెక్క మంచంమీద బోర్లా పడుకోబెట్టారు. కదలకూడదన్నారు. నేనా, కదలకుండా పడుకోవడమా! నర్సు అంజనమ్మ మంచిది, తిట్టినా చిరునవ్వు నవ్వేది. మధ్యాహ్నం అన్నాలయ్యాక వార్డంతా కునుకు తీసేది. కిటికీలోనుంచి గూడ్సుబండి శబ్దం వచ్చేది. అలాంటి ఒక మధ్యాహ్నం నా మెడ కింద ఏదో మెత్తగా తగిలింది.

పిల్లి అనుకున్నాను. విదిలించబోయి ఆగాను. అది కాలు. బొటనవేలంత మడమ, మెత్తటి వేళ్ళు, కొంచెం తడిగా, వెచ్చగా. తరువాత రెండో కాలు. నడక రాని బిడ్డ నడిచినట్టు తూలుకుంటూ వీపుమీదుగా కిందికి నడిచింది. నడుము దగ్గర ఆగింది. అక్కడే నిలబడింది.

నా ఒంటిమీద రోమాలన్నీ లేచాయి. అయినా కేక వెయ్యలేదు. వేస్తే దిగిపోతుందేమోనని ఊపిరి కూడా చిన్నగా తీశాను. "అక్కా" అన్నాను దిండులోకి. బరువు అలాగే ఉంది. నాకు ఏడుపు ఆగలేదు. ముప్పై ఏళ్ళదాన్ని, దిండు తడిసేదాకా ఏడ్చాను.

ఆ తరువాత ప్రతి మధ్యాహ్నం వచ్చింది. నేను ఆ వేళకోసం కాచుకునేదాన్ని. ఈరన్నమీద, ఆ గొర్రెల కాపరిమీద ఉన్న అసూయంతా తీరిపోయింది.

ఆపరేషను రేపనగా డాక్టరు సీసపు బిళ్ళ అంటించి, ఎక్సరే తీసి, నా నడుముమీద అడ్డంగా గీత గీశాడు. "ఇది తుడవొద్దు, తడపొద్దు" అని అందరికీ చెప్పి వెళ్ళాడు. దీపాలు పెట్టే వేళకు మా ఆయన కాఫీ తాగి వస్తానని బయటికి పోయాడు. అవ్వ నా రవిక పైకెత్తింది. చల్లగా నూనె తగిలింది.

"ఏం చేస్తాండావు అవ్వా?"

"గమ్మునుండు."

"అది తుడవొద్దన్నాడు కదా! నీకేమన్నా పిచ్చా?"

"తుడిస్తేనే మంచిది. పెద్దపాపను అంటు కట్టి బిగిస్తాడంట. కదలకుండా చేస్తాడంట. అది నడిచే పిల్ల. పుట్టినప్పుడు నడవలేదు, ఇప్పుడు నీతోపాటు నడస్తాండాది. దాన్ని కట్టేస్తే ఊరుకుంటానా నేను?"

పక్క మంచం ఆమె పుండ్లకు పూసే ఊదారంగు మందుసీసా గూట్లో ఉంది. అవ్వ దూది ముంచి తెచ్చి, నా వెన్నుమీద వేలితో తడిమి, ముందున్నచోటికి ఒక ఎముక పైన కొత్త గీత గీసింది.

"నా కాళ్ళు పోతాయి అవ్వా."

"పోతే నేను మోస్తా." అవ్వ దూది గూట్లో పడేసింది. "ఒకదాన్ని ఒకసారి పూడ్చినా. ఇంకోసారి నాచేత కాదు పాపా."

నేను అంజనమ్మను పిలవవచ్చు. నాలుగడుగుల దూరంలో ఉంది, నా గొంతేమో వీధి చివరకు వినిపించే గొంతు. నోరు తెరిస్తే నా కాళ్ళు దక్కుతాయి. తెరవకపోతే ఆ చిన్నకాళ్ళు దక్కుతాయి. నా కాళ్ళతో ఇన్నేళ్ళు నడిచాను, ఆ కాళ్ళను కలిసింది మొన్ననే. నేను పిలవలేదు. మా ఆయన వచ్చి, అంతా సరేనా అంటే సరే అన్నాను. మీరు నన్ను తిట్టుకుంటే తిట్టుకోండి. మళ్ళీ అదే మంచంమీద పడుకోబెట్టినా పిలవను.

తెల్లవారాక నన్ను ఆపరేషను గదిలోకి తీసుకుపోయి బల్లమీద బోర్లా తిప్పారు. మత్తు ఇంకా ఇవ్వలేదు, ముందు వీపు కడగాలట. డాక్టరు అవతల చేతులు తోముకుంటున్నాడు. అంజనమ్మ నీళ్ళ గిన్నె తేవడానికి అటు తిరిగింది. నా దగ్గర ఎవరూ లేరు.

అప్పుడు అక్క వచ్చింది. మధ్యాహ్నం వేళ కాదు, మెడ దగ్గరనుంచి నడిచీ రాలేదు. నేరుగా నడుముమీదికి వచ్చింది. అవ్వ గీసిన గీత కింద, నూనె పూసి తుడిచేసిన ఆ చోటే, ఒకే ఒక్క తన్ను తన్నింది. అంత చిన్నకాలుకు అంత బలం ఎక్కడిదో! "అమ్మా!" అని అరిచాను. గది అదిరింది.

అంజనమ్మ పరుగెత్తుకు వచ్చి, వీపు చూసి, "యేసయ్యా" అని గిన్నె వదిలేసింది. నీళ్ళు నేలంతా పారాయి. డాక్టరు తడిచేతులతోనే వచ్చాడు.

"ఎవరు తొక్కినారు ఈమెను?"

"ఎవరూ లేరు సార్. నేను ఇటు తిరిగినా, అంతే."

ఆయన వంగి చూశాడు. బొటనవేలు ఆ చోట ఆనించి కొలుచుకున్నట్టు తెలిసింది. ఆ వేలు చల్లగా ఉంది.

"ఇది మడమ గుర్తు. ఎర్రగా దిగింది. అయిదు వేళ్ళూ కనపడతాండాయి." ఆయన గొంతు తగ్గింది. "మడమ నా బొటనవేలంత లేదే. వార్డులో పసిబిడ్డలున్నారా?"

"ఒక్కరూ లేరు సార్."

తరువాత డాక్టరు గీతకేసి చూసినట్టున్నాడు. "ఈ గీత నేను గీసింది కాదు. నేను సన్నగా గీస్తా. నూనె జిడ్డు గూడా ఉండాది." నా తల దగ్గరికి వచ్చి అడిగాడు. "నీలావతమ్మా, గుర్తు ఎవరు మార్చినారు?"

నేను కళ్ళు మూసుకున్నాను.

ఆయన రెట్టించలేదు. సూది ఒకటి తెప్పించి, ఆ ఎర్రటి మడమ గుర్తు నడుమ చర్మంలోకి దించి, అలాగే స్ట్రెచరు మీద నన్ను ఎక్సరే గదికి తోయించాడు. ఫిల్ము తడి ఆరకముందే వెలుగుకు పట్టి చూశాడు. సూది మొన సరిగ్గా ఆ ఆరో ఎముక మీద ఉందట. ఆయన అంజనమ్మతో ఒక్క మాట అన్నాడు, "ఇక్కడే." తరువాత నా ముక్కుమీద గుడ్డ వేశారు.

మెలకువ వచ్చేసరికి నడుము చుట్టూ రాయిలాంటి కట్టు. డాక్టరు నా పాదంలో సూదితో గుచ్చాడు. నాకు తెలిసింది. నేను కెవ్వుమని తిట్టాను. మా ఆయన ఆ తిట్టు విని ఏడ్చాడు, పాపం. అవ్వ మాత్రం గోడకేసి తిరిగి కూర్చుంది.

ఆ మధ్యాహ్నం కాచుకున్నాను. మరుసటి మధ్యాహ్నం కూడా. గూడ్సుబండి వచ్చి పోయింది, వార్డు కునుకు తీసింది, వీపుమీద మాత్రం ఏమీ లేదు. కట్టు మందంగా ఉంది కదా, అందుకే తెలియడం లేదని నాకు నేనే చెప్పుకున్నాను.

మామిళ్ళు పూతకు వచ్చే రోజుల్లో కట్టు కోసేశారు. డాక్టరు కొత్త ఫిల్మును కిటికీకి పట్టి చూపించాడు. ముందు రెండుగా ఉన్నచోట తెల్లగా ఒకే దిమ్మ.

"అతుక్కుంది. ఏది యాడ ముగిసిందో, ఏది యాడ మొదలైందో ఇప్పుడు నేను గూడా చెప్పలేను."

అవ్వ ముందుకు వంగి, ఆ తెల్లటి చోటును వేలితో తాకింది.

"నొప్పి పెట్టిందా సామీ దానికి?"

"ఎవరికవ్వా?" అన్నాడు డాక్టరు. అని, ఏదో గుర్తొచ్చినవాడిలా ఆగాడు. "లేదు" అన్నాడు మెల్లగా.

స్టేషనునుంచి నడిచే ఇంటికి వచ్చాను. రెండు చెప్పులతో. ఇంక ఎవరినీ తొక్కవద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు, నేనూ సరే అన్నాను. కానీ ఒకరోజు పొయ్యిమీద సంగటి దించుతుంటే వసారాలో మూలుగు వినిపించింది. ఈరన్న. నడుము పట్టేసి, గోడ పట్టుకుని వచ్చాడు.

"ఎక్కొద్దులేక్కా. ఊరికే మడమ ఆనించు, చాలు."

తిట్టాను. తిట్టి, స్తంభం పట్టుకుని, ఎడమ మడమ వాడి నడుముమీద ఆనించాను. ఊపిరి బిగబట్టి నిలబడ్డాను. అవ్వ ఒక చేతిలో పెద్ద ముద్ద ఉన్న నా పళ్ళెం, ఇంకో చేతిలో చిన్న ముద్ద పట్టుకుని పెరటివైపు పోతూ గడపలో ఆగింది. ఈరన్న కాసేపు కాచుకున్నాడు. తల పక్కకు తిప్పాడు.

"చంటిది రాలేదా అక్కా?"

కాలు తీసేసి అక్కడే కూలబడి, వాడు చూస్తున్నాడన్న సిగ్గు కూడా లేకుండా ఏడ్చాను. నేను దానికోసం నా కాళ్ళు వదులుకున్నాను. అది తన్ని మరీ నా కాళ్ళు నాకు ఇచ్చి పోయింది. ఇన్నేళ్ళూ నేను దాన్ని తన్నుకుంటూ వచ్చానన్నారు కదా, ఎవరూ దాని తన్ను చూడలేదు.

అవ్వ పెరట్లోకి పోలేదు. నా ముందు కూర్చుని పళ్ళెం కింద పెట్టింది. చేతిలో ఉన్న చిన్న ముద్దను కూడా పెద్ద ముద్ద పక్కన నా పళ్ళెంలోనే పెట్టింది.

"తిను" అంది. "ఇంకమీదట ఇద్దరిదీ నువ్వే తినల్ల."

ముందు చిన్నదే తిన్నాను.